విదేశవాసులైన పాకిస్తానీయుల విడాకుల విధానము

పాకిస్తానులో అయూబ్ ఖాన్ ప్రభుత్వము 1961లో జారీ చేసిన ముస్లిమ్ కుటుంబ చట్టముల ఆర్డినెన్సు, తాను ఆ దేశమంతటికిని వ్యాపించునని చెప్పి ఊరకుండక, పాకిస్తాను ముస్లిమ్ పౌరులందరికిని, వారెక్కడ నున్నను, వర్తించునని తన మొదటి సెక్షనులోనే ప్రకటించినది. బ్రాడ్‌ఫర్డు ఉన్ని మిల్లులో రాత్రి పాళీ చేసిన కార్మికుని వెంటను, రియాద్‌లో భవనములు కట్టు తాపీమేస్త్రి వెంటను, వాషింగ్టనులో అంతర్జాతీయ సంస్థ కొలువులో నున్న ఉద్యోగి వెంటను ఆ యొక్క వాక్యము వలన స్వదేశ శాసనము సముద్రములు దాటి పోవుచున్నది. అయితే వారు కాపురముండు దేశములకు సైతము తమవైన వివాహ శాసనములు కలవు; తమ నేలమీద నివసించువారి దాంపత్యము తెగినదో నిలిచినదో తీర్మానించు అధికారమును అవి అన్యదేశమునకు సులభముగ విడిచిపెట్టవు. ఒకే దాంపత్యము ఏకకాలమున రెండు న్యాయవ్యవస్థల యధీనమున నుండుటచేత, ఒక దేశమున విడిపోయిన భార్యాభర్తలు మరియొక దేశమున నింకను దంపతులుగనే పరిగణింపబడు విపరీతస్థితి యేర్పడుచున్నది. ఈ స్థితి భార్యాభర్తల నిరువురను బాధించునదే యైనను, దాని భారమధికముగ మోయునది స్త్రీ. ఏలయన బహుభార్యాత్వమునకు అనుమతి గల పురుషుడు తన దేశమునకు పోయి పునర్వివాహము చేసికొనవచ్చును గాని, విడాకులు సిద్ధింపని స్త్రీ మరల వివాహమాడినచో ఏడేండ్ల వరకు కారాగారశిక్ష విధింపదగిన నేరమునకు లోనగును.

ఈ సమస్య విస్తృతి నెరుగుటకు వలసల చరిత్రను కొంత స్మరింపవలెను. 1947 విభజన తరువాత పంజాబు, మీర్‌పూర్ ప్రాంతముల నుండి బ్రిటను కర్మాగారములకు పురుషులు ఒంటరిగ తరలిపోయిరి. జీలం నదిపై 1967లో పూర్తియైన మంగ్లా ఆనకట్ట క్రింద మీర్‌పూర్ పరిసర గ్రామములు అనేకము మునిగిపోగా నిర్వాసితులైన కుటుంబములలో పెక్కు బర్మింగ్‌హాము, బ్రాడ్‌ఫర్డు నగరములకు చేరినవి. 1965 నాటి వలస చట్టము తలుపులు తెరచినపిదప వైద్యులు, ఇంజనీర్లు అమెరికాకు పోయిరి. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత శ్రామికులు లక్షలుగ గల్ఫు దేశముల దారి పట్టిరి. 2021 జనాభా లెక్కలలో ఒక్క ఇంగ్లండు, వేల్సులలోనే తమను పాకిస్తానీ మూలము వారినిగ నమోదు చేసికొన్నవారు ఇంచుమించు 16 లక్షల మంది. వీరిలో పెక్కుమందికి వధువులు, వరులు నేటికిని స్వదేశమునుండియే వచ్చుచుండుటచేత, పెండ్లి ఒక దేశమున, కాపురమొక దేశమున, విడాకులింకొక దేశమున జరుగుట సర్వసాధారణమైనది.

ఆర్డినెన్సు పుట్టుక

1955లో ప్రధానమంత్రి మహమ్మదలీ బోగ్రా మొదటి భార్య యుండగనే ద్వితీయ వివాహము చేసికొనుట పాకిస్తాను విద్యావంతులైన మహిళలలో గొప్ప యలజడి పుట్టించెను. బేగం రానా లియాఖత్ అలీ ఖాన్ స్థాపించిన అఖిల పాకిస్తాన్ మహిళా సంఘము ఆందోళన సాగించగా, ప్రభుత్వము వివాహ కుటుంబ చట్టముల పరిశీలనకొక సంఘమును నియమించెను. దేశపు తొలి ప్రధాన న్యాయమూర్తియైన మియాన్ అబ్దుల్ రషీద్ అధ్యక్షతన ఆ సంఘము 1956లో నివేదిక నర్పించినది; అందలి సభ్యుడైన మౌలానా ఇహ్తిషాముల్ హఖ్ థానవీ తన తీవ్రమైన భిన్నాభిప్రాయమును వేరుగ ప్రకటించెను. న్యాయస్థానపు అనుమతి లేక భర్త తలాక్ చెప్పరాదని సంఘము సూచించినది. ఐదేండ్ల తరువాత వెలువడిన ఆర్డినెన్సు అంత దూరము పోలేదు: తలాక్ చెప్పుటకు భర్తకు గల అధికారమును అట్లే నిలిపి, దాని నధికారులకు తెలియజేయవలెననియు, తొంబది దినములు వేచియుండవలెననియు మాత్రము నిబంధన పెట్టినది. సంస్కర్తలకు చాలనిదియు, ఉలేమాలకు మితిమీరినదియునైన ఈ మధ్యేమార్గమే నేటివరకు పాకిస్తానీయుల విడాకులకు మూలస్తంభము.

తలాక్ నోటీసు, తొంబది దినములు

ఆర్డినెన్సులోని ఏడవ సెక్షను ప్రకారము, భార్యను విడువదలచిన పురుషుడు ఏ రూపమున తలాక్ పలికినను, వీలైనంత శీఘ్రముగ ఆ సంగతిని స్థానిక పాలనామండలియైన యూనియన్ కౌన్సిల్ చైర్మన్‌నకు లిఖితపూర్వకముగ తెలిపి, దాని ప్రతిని భార్యకందజేయవలెను. ఆ విధిని ఉల్లంఘించినవానికి ఒక సంవత్సరము వరకు సాధారణ కారాగారవాసమో, 5,000 రూపాయల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. నోటీసు చైర్మన్‌నకు చేరిన దినము మొదలుకొని 90 దినములు గడచువరకు తలాక్ అమలులోనికి రాదు. భార్య గర్భవతియైనచో ఆ గడువో, ప్రసవమో, ఏది తరువాత వచ్చునో అంతవరకు నాగవలెను. నోటీసందిన 30 దినములలో చైర్మన్, ఇరుపక్షముల ప్రతినిధులతో ఒక సాలిసీ కౌన్సిలును, అనగా మధ్యవర్తుల మండలిని, కూర్చి రాజీకి యత్నింపవలెను. ఇచ్చట ఒక యపోహను తొలగింపవలెను. చైర్మన్ విడాకులిచ్చు అధికారి కాడు, విడాకుల న్యాయాన్యాయములను విచారించు న్యాయమూర్తియు కాడు. రాజీ కుదిరినచో తలాక్ ఉపసంహరింపబడును. కుదరనిచో, భార్య హాజరైనను కాకున్నను, గడువు తీరిన వెంటనే విడాకులు తమంతట సిద్ధించును. చైర్మన్ ఇచ్చు ధ్రువపత్రము ఆ సంగతిని నిరూపించునదే గాని దానిని కలిగించునది కాదు. విదేశములలో భార్యయొక్క న్యాయవాదులు, భర్తయొక్క న్యాయవాదులు వాదులాడుకొను వేళ ఈ సూక్ష్మమే పలుమారులు తీర్పునకు మూలమగుచున్నది.

విదేశవాసి ఏ చైర్మన్‌నకు నోటీసు పంపవలెను? ఆర్డినెన్సు క్రింద చేసిన నియమములు దీనికి స్పష్టమైన క్రమమును చూపుచున్నవి. తలాక్ పలికిన సమయమున భార్య పాకిస్తానులో నున్నచో ఆమె నివసించు యూనియన్ కౌన్సిలుకే అధికారము. ఆమె దేశమునందు లేనిచో, దంపతులు పూర్వమెప్పుడైన పాకిస్తానులో కలసి కాపురము చేసియున్న యెడల, వారు చివరిగ కాపురమున్న చోటి కౌన్సిలుకు ఆ యధికారము సంక్రమించును. వారెన్నడును అచ్చట కలసి యుండనిచో, భర్తయొక్క స్థిరనివాస గ్రామమునకో పట్టణమునకో చెందిన కౌన్సిలు ఆ పని చేయును. ఇదిగాక 1961లోనే వెలువడిన ఒక ప్రభుత్వ ప్రకటన ద్వారా, విదేశములలోని పాకిస్తాను దౌత్యకార్యాలయముల అధికారులకు చైర్మన్ విధులు నిర్వహించు అధికార మొసగబడినది. కనుక లండను హైకమిషనులోనో, న్యూయార్కు కాన్సులేటులోనో నోటీసు దాఖలు చేయుట పాకిస్తాను శాసనదృష్టిలో సమ్మతమే. అయినను ఆ కార్యాలయమున్న దేశపు శాసనదృష్టిలో నది సమ్మతమా యనునది వేరు ప్రశ్న. దాని సమాధానము తెలియకనే అనేకులు చిక్కులలో పడుచున్నారు.

వ్యవహారమున, విదేశముననున్న భర్త తలాక్‌నామాను ఇరువురు సాక్షుల యెదుట వ్రాసి, దౌత్యకార్యాలయమున ధ్రువీకరింపించి, తండ్రికో సోదరునికో ప్రత్యేక ముఖ్తార్‌నామా నిచ్చి, నికాహ్‌నామా (వివాహపత్రము), గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు ప్రతులతో స్వగ్రామపు కౌన్సిలుకు పంపుట పరిపాటి. గడువు తీరిన తరువాత కౌన్సిలిచ్చు కంప్యూటరీకృత ధ్రువపత్రమును బట్టి జాతీయ పౌరవివరముల సంస్థయైన నాద్రా తన పట్టికలలో వైవాహిక స్థితిని మార్చును. ఆ పత్రమును అన్యదేశమున చూపుటకు పూర్వము విదేశాంగ మంత్రిత్వశాఖ ముద్రయు, ఆయా రాయబారకార్యాలయముల ముద్రలును వరుసగ వేయింపవలసి యుండెడిది. పాకిస్తాను విదేశపత్రముల ధ్రువీకరణను సులభము చేయు అపోస్టిల్ ఒడంబడికలో చేరి, 2023 మార్చి 9 నుండి అది అమలులోనికి వచ్చుటచేత, ఆ చేరికకు అభ్యంతరము చెప్పని సభ్యదేశముల విషయమున నీ శ్రమ చాలవరకు తగ్గినది.

నోటీసు పంపకున్నచో నేమగును? 1963లో పాకిస్తాను సుప్రీంకోర్టు, జర్మను వనిత భార్యగానున్న ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యెమున, నోటీసీయని భర్త తన తలాక్‌ను తానే ఉపసంహరించుకొన్నట్లు భావింపవలెనని నిర్ణయించినది. ఈ సిద్ధాంతము పురుషుల తొందరపాటునకు కళ్లెముగ నుద్దేశింపబడినదే యైనను, 1979లో జియా ఉల్ హఖ్ ప్రభుత్వము జారత్వమును శిక్షించు జినా ఆర్డినెన్సును తెచ్చిన తరువాత అది స్త్రీల పాలిట ఉరిత్రాడైనది. భర్త నోట తలాక్ విని, ఇద్దత్ అను నిరీక్షణ కాలము గడపి, పెద్దల యనుమతితో పునర్వివాహము చేసికొన్న స్త్రీపై, పూర్వభర్త పగబూని, తాను నోటీసే యీయలేదు గనుక ఆమె యింకను తన భార్యయేయని, జారత్వ నేరము మోపుట మొదలాయెను. నోటీసీయని తప్పు భర్తది, చెరసాల భార్యకు! ఈ ఘోరమును చూచిన న్యాయస్థానములు క్రమముగ తమ వైఖరిని సడలించి, 1993 నాటికి నోటీసు లేనంతమాత్రమున తలాక్ నిష్ఫలము కాదని చెప్పుటకు వచ్చినవి. 2006 నాటి స్త్రీ సంరక్షణ చట్టము అట్టి యభియోగములకు చాలవరకు దారి మూసినది. ఇదిగాక 2000 సంవత్సరమున ఫెడరల్ షరియత్ కోర్టు, తొంబది దినముల గడువు గూర్చిన నిబంధనలు ఇస్లామునకు విరుద్ధములని తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టునకు అప్పీలు దాఖలగుటతో నా తీర్పు అమలు నిలిచిపోయినది. ఇట్లు స్వదేశముననే యీ సెక్షను యొక్క ఫలితము సర్వసమ్మతము గాకపోగా, దానిని వ్యాఖ్యానింపవలసి వచ్చిన లండను, వాషింగ్టను న్యాయమూర్తులు నిపుణుల వాఙ్మూలముల నడుమ తడబడుట సహజము.

హనఫీ సంప్రదాయము ననుసరించు కుటుంబములలో మరియొక చిక్కు కలదు. ముమ్మారు తలాక్ ఒక్కసారిగ పలికినచో బంధము తిరుగులేకుండ తెగినదని పెద్దలు తలతురు. శాసనమో, ఏ రూపమున పలికినను 90 దినములలోపల ఉపసంహరణకు వీలున్నదనియు, ఆ పిదప సైతము, మూడవసారి విడిపోయిన సందర్భమున తప్ప, నడుమ అన్యునితో వివాహము లేకయే మరల ఆ భర్తనే పెండ్లాడవచ్చుననియు చెప్పుచున్నది. కాబట్టి మసీదునందలి మౌల్వీ మాటకును కౌన్సిల్ కాగితమునకును పొత్తు కుదరని సందర్భములు విదేశములలో నిత్యము తటస్థించుచున్నవి.

భార్య కోరు విడాకులు

స్త్రీకి గల మార్గములు మూడు: తఫ్వీజ్, భర్త వలన పుచ్చుకొన్నదానిని వదలుకొని పొందు విడాకులైన ఖులా, న్యాయస్థానము ద్వారా రద్దు. ఉభయుల యంగీకారముతో జరుగు ముబారత్ నాల్గవది; దానికిని నోటీసు, గడువు తప్పవు.

తఫ్వీజ్ అనగా భర్త తన తలాక్ అధికారమును భార్యకు దత్తము చేయుట. నికాహ్‌నామాలోని 18వ గడి దానికే కేటాయింపబడినది. ఆ గడిలో ‘అవును’ అని వ్రాయించుకొన్న వధువు, కోర్టు మెట్లెక్కనవసరము లేకయే, తానే తలాక్ చెప్పి చైర్మన్‌నకు నోటీసు పంపి, భర్తతో సమానముగ 90 దినములలో విముక్తి పొందగలదు. ఇంత యమూల్యమైన హక్కును పెండ్లినాటి సందడిలో రిజిస్ట్రారు తన కలముతో అడ్డుగీత గీచి కొట్టివేయుట, వధువు ఆ పత్రమును చదువకయే సంతకము చేయుట పాకిస్తానునందు బహుళముగ జరుగుచున్నవి. విడాకుల మాట పెండ్లినాడెత్తుట అపశకునమని పెద్దల భావము. కాని కూతును సముద్రముల కావలి వరునికిచ్చు తలిదండ్రులు నగలను గూర్చియు, విందును గూర్చియు చూపు శ్రద్ధలో కొంతభాగమైనను ఆ 18వ గడిపై చూపవలసియున్నది. పరదేశమున భర్త విడిచిపోయి, ఆచూకి తెలియక, విడాకులు నీయక యున్ననాడు ఆ యొక్క మాట ఆమె స్వేచ్ఛకు తాళపుచెవి కాగలదు.

తఫ్వీజ్ లేని స్త్రీకి న్యాయస్థానమే శరణ్యము. 1939లో అవిభక్త భారతదేశపు కేంద్ర శాసనసభ అంగీకరించిన ముస్లిమ్ వివాహముల రద్దు చట్టము నేటికిని సరిహద్దున కిరువైపుల నమలులో నున్నది. హైదరాబాదు, కర్నూలు నగరముల ముస్లిమ్ స్త్రీకిని, లాహోరు స్త్రీకిని ఈ విషయమున ఆధారమొక్కటే. భర్త జాడ నాలుగేండ్లుగ తెలియకుండుట, రెండేండ్లు పోషింపకుండుట, ఏడేండ్ల శిక్ష పడుట, క్రూరత్వము మొదలైన హేతువులనది పేర్కొన్నది. విదేశవాసుల భార్యలకు వీనిలో పోషణాభావమే తరచుగ నుపయోగపడు హేతువు. ఏలయన వివాహానంతరము ఒకమారు వచ్చిపోయి, పిమ్మట డబ్బును జాబును పంపుట మానిన భర్తలకు కొదువ లేదు. 1959లో లాహోరు హైకోర్టు, 1967లో సుప్రీంకోర్టు, దాంపత్యము భగవంతుడు విధించిన హద్దులలో సాగజాలదని న్యాయస్థానమునకు తోచినచో భర్త యనుమతి లేకయే ఖులా మంజూరు చేయవచ్చునని నిర్ణయించినవి. 1964 కుటుంబ న్యాయస్థానముల చట్టమునకు 2002లో చేసిన సవరణ దీనిని మరింత సుగమము చేసినది: విచారణకు పూర్వమే రాజీయత్నము విఫలమైనచో న్యాయమూర్తి వెంటనే రద్దు డిక్రీ నీయవలెను, భార్య పుచ్చుకొన్న మెహరును, అనగా వరుడు వధువునకిచ్చు ధనమును, భర్తకు మరలింపవలెను. శీఘ్రమైన మార్గమిది, అయినను దీనికి మూల్యమున్నది. క్రూరత్వమో పోషణాభావమో నిరూపించి 1939 చట్టము క్రింద విడాకులు పొందిన స్త్రీ తన మెహరును నిలుపుకొనును, ఖులా కోరినది దానిని వదలుకొనును. మెహరు పెద్దమొత్తమైనప్పుడు ఈ భేదమును న్యాయవాది ముందుగ వివరింపకుండుట కక్షిదారుకు చేయు గొప్ప యన్యాయము.

విదేశమున నున్న స్త్రీ తానై పాకిస్తానుకు రాలేనిచో, దౌత్యకార్యాలయమున ధ్రువీకరించిన ముఖ్తార్‌నామా ద్వారా తండ్రినో, సోదరునో, న్యాయవాదినో నియమించి కుటుంబ న్యాయస్థానమున దావా వేయింపవచ్చును. డిక్రీ వెలువడిన ఏడు దినములలో న్యాయస్థానము దాని ప్రతిని చైర్మన్‌నకు పంపును. ఇచ్చటను రాజీయత్నము, 90 దినములు తప్పవు. డిక్రీ చేతికి వచ్చినంతనే సర్వము ముగిసినదని తలచి, కౌన్సిల్ ధ్రువపత్రమును తీసికొనకయే పునర్వివాహమునకు సిద్ధపడు స్త్రీలకు తరువాత వీసా కార్యాలయమున ఎదురగు ఆటంకము చిన్నది కాదు.

బ్రిటనులో గుర్తింపు

పాకిస్తానీ విడాకులను గూర్చి ప్రపంచమున నత్యధికముగ మథనము చేసినవి ఆంగ్ల న్యాయస్థానములు. లండనులో నివసించుచున్న ఒక పాకిస్తానీ భర్త తలాక్ వ్రాసి, హైకమిషనునకు నోటీసిచ్చి, అచ్చటనే రాజీ విచారణ జరుపుకొనగా, అతని స్థిరనివాసము పాకిస్తానేయగుటచేత ఆ విడాకులు చెల్లునని 1971లో హైకోర్టు తీర్పు చెప్పినది. పార్లమెంటు దీనికి సమ్మతింపలేదు. 1974 జనవరి 1 నుండి అమలైన చట్టము ప్రకారము బ్రిటను భూభాగముపై న్యాయస్థానము ద్వారా తప్ప మరేవిధమునను వివాహము రద్దు కాజాలదు. దౌత్యకార్యాలయము పరదేశపు భూమియే కదాయను వాదము సైతము నిలువలేదు; ఈజిప్టు కాన్సులేటులో పలికిన తలాక్ విషయమున, రాయబారకార్యాలయమున్న నేల బ్రిటనులో భాగమేయని 1972లోనే తేలిపోయినది. కావున నేడు లండను హైకమిషనులోనో, మాంచెస్టరులోని కాన్సులేటులోనో జరిపిన తలాక్ పాకిస్తానులో సిద్ధించినను బ్రిటనులో శూన్యమే.

ఇక పాకిస్తానుకు పోయి, అచ్చటనే తలాక్ పలికి, అచ్చటనే నోటీసిచ్చి, గడువు తీర్చుకొనివచ్చిన భర్త సంగతి వేరు. అది ‘ప్రొసీడింగ్సు’, అనగా విధివిహిత ప్రక్రియ, ద్వారా పొందిన విడాకులని నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 1979లో నంగీకరించినది. ఆజాద్ కశ్మీరమునకు పోయి నోటీసు లేక వట్టి మాటగ పలికిన తలాక్‌ను మాత్రము 1984లో అప్పీలు న్యాయస్థానము త్రోసిపుచ్చినది. ఇంగ్లండున స్థిరపడిన దంపతుల విషయమున దానిని గుర్తించుట ప్రజాహితమునకు విరుద్ధమనెను. ఈ రెండింటికి నడుమ మిగిలిన ప్రశ్న మరింత సున్నితమైనది: ఇంగ్లండులో తలాక్ పలికి, నోటీసును తపాలాలో పాకిస్తానుకు పంపినచో? అట్లు చేసిన ఒక పురుషుడు స్వదేశము నుండి వధువును రప్పింపబోగా, అతడు పునర్వివాహమున కర్హుడు కాడని వలస యధికారులామెను ప్రవేశింపనీయలేదు. 1986లో ప్రభువుల సభ ఆ నిర్ణయమును సమర్థించినది. విడాకుల ప్రక్రియ తలాక్ పలుకుటతో నారంభమగును. ఆరంభమొక దేశమున, ముగింపొక దేశమున జరిగినపుడది యేకదేశమున పొందిన విడాకులు కాదు. కావున గుర్తింపు లేదు. ఆనాటి నుండి న్యాయవాదులు తమ కక్షిదారులకు చెప్పు మాట యొక్కటే: విమానమెక్కి పోయి మొదటినుండి తుదివరకు అచ్చటనే జరిపింపుడు, లేదా ఇచ్చటి కోర్టునే యాశ్రయింపుడు.

ప్రస్తుతము ఈ గుర్తింపును నియంత్రించునది 1986 నాటి కుటుంబ శాసనము. నోటీసుతో కూడిన పూర్తి ప్రక్రియ జరిగి, ఆ దేశ శాసనము ప్రకారము చెల్లుచున్నచో, దంపతులలో నొకరికి ఆ దేశముతో పౌరసత్వము చేతనో, నివాసము చేతనో సంబంధమున్నచో చాలును. ప్రక్రియ లేని వట్టి తలాక్‌కు మాత్రము షరతులు కఠినము: ఇరువురిలో నెవ్వరును అంతకుముందు ఏడాది పొడుగున బ్రిటనులో నివసించి యుండరాదు. భార్యకు తగిన తెలివిడి గాని, తన మాట చెప్పుకొను అవకాశము గాని దక్కనిచో న్యాయమూర్తి గుర్తింపును నిరాకరింపవచ్చును.

విదేశ విడాకులు గుర్తింపబడిన వెంటనే ఆంగ్ల కోర్టులో భార్య జీవనభృతిని, ఇంటిలో వాటాను కోరు హక్కు కోల్పోవుట పూర్వము జరుగుచుండెడిది. భర్త కరాచీకి ఒక్క ప్రయాణము చేసి ఇరువదియేండ్ల కాపురపు ఆస్తిబాధ్యతలను వదలించుకొనగలిగెడివాడు. 1984 చట్టపు మూడవ భాగము ఈ యన్యాయమును సవరించి, విదేశమున విడాకులైన తరువాత సైతము ఆర్థిక సహాయము కోరుటకు దారి తెరచినది. ఈ నిబంధన నెరుగని స్త్రీలు నేటికి నెందరో యున్నారు. ఎరిగిన న్యాయవాదిని కలసికొనలేక నష్టపోవువారును ఉన్నారు.

ఆంగ్ల విధానము సైతము మారినది. 2022 ఏప్రిల్ 6 నుండి దోషారోపణ లేని విడాకులు వచ్చినవి: వివాహమైన ఏడాది తరువాత ఎవరైనను దరఖాస్తు చేయవచ్చును; 20 వారముల యనంతరము షరతుతో కూడిన ఉత్తర్వు, మరి ఆరు వారములకు అంతిమ ఉత్తర్వు లభించును. భర్త కాదనుటకు ఆస్కారము లేదు. అయితే ఈ యుత్తర్వు పొందిన స్త్రీని ఆమె బంధువర్గము విడాకులు పొందినదానిగ నంగీకరింపకపోవచ్చును. అట్టివారు లండనులోని లేటన్‌లో 1982లో స్థాపింపబడిన ఇస్లామిక్ షరియా కౌన్సిల్ వంటి మండలుల నాశ్రయించుచున్నారు. ఈ మండలుల నిర్ణయములకు చట్టబద్ధత లేదు. మోనా సిద్దిఖీ అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2018లో, వీనిని మూయించుటకన్న, నికాహ్‌తో పాటు పౌరవివాహమును తప్పనిసరిగ నమోదు చేయించు చట్టము తెచ్చుట మేలని సూచించినది. ఆ సూచన యెంత సమంజసమో 2020లో అప్పీలు న్యాయస్థానపు తీర్పొకటి వెల్లడించినది: ఇంగ్లండులో నికాహ్ మాత్రమే జరిగి రిజిస్ట్రీ కాని దాంపత్యము శాసనదృష్టిలో వివాహమే కాదు, కనుక దానికి విడాకులు లేవు, ఆస్తి పంపకమును లేదు. దీనికి భిన్నముగ పాకిస్తానులో విధివిహితముగ జరిగిన నికాహ్ ఇంగ్లండునను చెల్లుబాటగును; దానిని రద్దు చేయుటకు అచ్చటి కోర్టులకు సంపూర్ణాధికారము కలదు.

ఆంగ్ల కోర్టు డిక్రీ పాకిస్తానులో చెల్లునా? 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను విదేశీ తీర్పులను సామాన్యముగ నంగీకరించుచునే, సహజ న్యాయమునకు విరుద్ధమైనవానిని, వర్తించు పాకిస్తాను శాసనమును త్రోసిరాజన్నవానిని మినహాయించుచున్నది. ఈ మినహాయింపులపై వాదోపవాదములకు తావుండుటచేత, ఆంగ్ల డిక్రీ పొందిన స్త్రీ పాకిస్తానునందు సైతము ఖులాను గాని, భర్త యంగీకరించినచో తలాక్ నోటీసును గాని పూర్తిచేయించుకొనుట క్షేమము. ఖర్చును శ్రమయు రెట్టింపగుట నిజమే. అయినను రెండు దేశముల పట్టికలలోను ఒక్కటే సత్యము వ్రాయబడియుండుట వలన కలుగు నిశ్చింతకు అది యధికమైన వెల కాదు.

అమెరికా, గల్ఫు దేశములు

అమెరికాలో వివాహ శాసనము రాష్ట్రముల పరమగుటచేత తీర్పులును వేరువేరు. న్యూయార్కులోని పాకిస్తాను కాన్సులేటులో జరిగి, పాకిస్తాను కోర్టు చేత ధ్రువీకరింపబడిన తలాక్‌ను 1978లో న్యూజెర్సీ న్యాయస్థానము గుర్తించినది. మేరీలాండు అత్యున్నత న్యాయస్థానము 2008లో దీనికి భిన్నమైన దారి నవలంబించినది. కరాచీలో 1980లో వివాహమాడి మేరీలాండులో దీర్ఘకాలము కాపురము చేసిన దంపతులలో భార్య విడాకులకు, ఆస్తి విభాగమునకు దావా వేయగా, ప్రపంచ బ్యాంకు ఉద్యోగియైన భర్త వాషింగ్టను రాయబారకార్యాలయమునకు పోయి తలాక్ పలికి, వివాహము ముగిసినది గనుక తాను చెల్లింపవలసినది మెహరు 51,000 రూపాయలు మాత్రమేయని వాదించెను. ఇంచుమించు పది లక్షల డాలర్ల విలువగల అతని పింఛను హక్కులో భార్యకు వాటా లేకుండ చేయుటయే దీని పర్యవసానము. స్త్రీపురుష సమానత్వమును నిర్దేశించు రాష్ట్ర రాజ్యాంగమునకు నీ విధానము విరుద్ధమని చెప్పి న్యాయస్థానము దానిని గుర్తింపక, భార్య పక్షమున తీర్పిచ్చినది. భార్య వేసిన దావాను తప్పించుకొనుటకై పరుగున చేయు తలాక్‌ను ఏ దేశపు న్యాయస్థానమైనను అనుమానదృష్టితోనే చూచుననుటకు ఈ తీర్పు నిదర్శనము. పైతీర్పులన్నింటిలోను ధర్మమును ఇంత సూటిగ తాకినది మరియొకటి లేదని ఈ రచయిత యభిప్రాయము.

గల్ఫు దేశములలో షరియత్ న్యాయస్థానములే కుటుంబ వివాదములను పరిష్కరించుటచేత మతపరమైన సంఘర్షణ తక్కువ. సౌదీ అరేబియా 2022లో తన కుటుంబ శాసనమును మొదటిసారిగ గ్రంథస్థము చేసినది. అచ్చటి విడాకుల పత్రమును పాకిస్తానుకు పంపి యూనియన్ కౌన్సిలులో నమోదు చేయించుకొననిచో, నాద్రా పట్టికలో ఆ స్త్రీ భార్యగనే మిగులును.

ఇతర మతస్థులు

పైన జెప్పిన ఆర్డినెన్సు ముస్లిములకే గాని తక్కిన పాకిస్తానీయులకు కాదు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టమే యాధారము. జియా ప్రభుత్వము 1981లో దానిలోని ఏడవ సెక్షనును తొలగింపగా, భార్యపై వ్యభిచార దోషము మోపుటకన్న వేరు మార్గము క్రైస్తవ పురుషునికి లేకపోయెను. అబద్ధమైన యారోపణతో భార్య మానమును బలిగొనుటయో, పొసగని కాపురమును జీవితాంతము భరించుటయో తప్పని ఆ దుస్థితిని లాహోరు హైకోర్టు, న్యాయమూర్తి మన్సూర్ అలీ షా తీర్పు ద్వారా, ఆ సెక్షనును పునరుద్ధరించి తొలగించినది. హిందువులకు చిరకాలము వివాహ నమోదుకే శాసనము లేకుండెను. సింధు రాష్ట్రము 2016లోను, కేంద్రప్రభుత్వము 2017లోను చట్టములు చేసినవి. సింధు చట్టమునకు 2018లో చేసిన సవరణ విడాకులకును, విధవల పునర్వివాహమునకును వీలు కల్పించినది. ఈ చట్టములకు పూర్వము వివాహపత్రమే లేని హిందూ స్త్రీ, విదేశముననున్న భర్త చెంతకు పోవుటకు వీసా కోరుటయే దుస్సాధ్యముగ నుండెడిది. విడాకుల మాట చెప్పనక్కరలేదు.

సంతానము

విడాకుల పత్రము బిడ్డల సంరక్షణను తేల్చదు. పాకిస్తానులో అది 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద వేరుగ విచారింపబడును. తలిదండ్రులలో నొకరు బిడ్డను రహస్యముగ స్వదేశమునకు తరలించుకొనిపోవు దుస్సంఘటనలను నివారించుటకై 2003 జనవరిలో బ్రిటను, పాకిస్తాను న్యాయమూర్తులు ఒక యొప్పందము కుదుర్చుకొనిరి. బిడ్డ నిత్యనివాసమున్న దేశపు న్యాయస్థానమే సంరక్షణ విషయమును నిర్ణయించుట మేలని అందలి సారము. బాలాపహరణమును గూర్చిన హేగ్ ఒడంబడిక పాకిస్తాను విషయమున 2017 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. అయితే క్రొత్తగ చేరిన దేశమును అంగీకరించిన రాజ్యములతో మాత్రమే ఆ యొడంబడిక పనిచేయును. అమెరికాతో నట్టి సంబంధము 2020 అక్టోబరు 1న ఏర్పడినది. కావున బిడ్డను కోల్పోయిన తల్లియో తండ్రియో మొట్టమొదట తెలిసికొనవలసినది, తాము నివసించు దేశము పాకిస్తాను చేరికను అంగీకరించినదా లేదా యనునది. అంగీకరింపనిచో పాకిస్తాను హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషనో, సంరక్షకుల చట్టము క్రింద దావాయో వేయుటకు ఆలస్యము చేయరాదు, ఏలయన బిడ్డ క్రొత్తచోట నిలదొక్కుకొనిన కొలది న్యాయమూర్తి ఆ బిడ్డను కదలించుటకు వెనుదీయును.